పడుగు కింద సారు

ఇప్పటికీ గంజి వాసన తగిలితే నాకు కోపమే వస్తుంది.

అరవైల నాటి నారాయణపేటలో మాది నేతగాళ్ల వాడ. పొద్దున్నే బాపు మగ్గానికెక్కించే పడుగు దారాలను వీధికి అడ్డంగా గుంజల మీద పరిచి గంజి పట్టించేవాడు. దారిన పోయేవాళ్లు దాని కిందుగా వంగి పోవాల్సిందే. మా తెలుగు సారు కూడా అలాగే వంగి వచ్చి, మా ఇంట్లో చాయ్ తాగేవారు. వ్యాసం చదివేటప్పుడు రాసినవాడు ఏమంటున్నాడో, ఎందుకంటున్నాడో, ఏ గొంతుతో అంటున్నాడో చూడమని బడిలో చెప్పేవారు.

ఒకనాడు మా వాడ మీద ఆయన రాసిన వ్యాసం పత్రికలో వచ్చింది. బాపు నేస్తుంటే పక్కన కూర్చుని గట్టిగా చదివాను.

"ఆ వీధి మహారాజులు దారం పరిస్తే ఊరంతా తల వంచవలసిందే. దారి వారి తాతల జాగీరు కదా!"

"బాపూ, సారు మనల మహారాజులన్నడు!"

మగ్గం ఆగింది. "చాలు బిడ్డా. ఎక్కిరిస్తుండు."

మళ్లీ చదివాను. అవే మాటలు. ఈసారి చెవులు మండిపోయాయి. మా చాయ్ తాగిన నోరే అది.

మర్నాడు సారు వచ్చారు. బాపు పడుగును రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాడు.

"మీరు వంగకుండ్రి సారూ. నిమ్మళంగ నడువుండ్రి."

సారు నవ్వుతూ దాటి వచ్చి, ఎప్పటిలా నా తల నిమిరారు. బాపు ఏ గొంతుతో అన్నాడో ఆయనకు తెలియలేదు. నాకు తెలిసింది. ఆ చదువు నాకు చెప్పింది ఆయనే.