క్రాస్‌బోకు నేను వేసిన అతుకు

క్రాస్‌బో విల్లు కిందికి వస్తుందా, తుపాకీ కిందికి వస్తుందా అన్న ప్రశ్న మీద నా జీవితంలో నాలుగు ఆదివారాలు పోయాయి. పోతే పోనీ, ఆదివారాలు మళ్లీ వస్తాయి. వాటితోపాటు పోయింది ఇంకొకటి ఉంది. దాన్ని తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నా మీద నాకే చిరాకు.

1998, 99. మెల్‌బోర్న్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలు పెట్టారు గనుక, రెండువేలు రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలు అనుకుంటాయని లోకమంతా గుండెలు బాదుకుంటున్న రోజులు. ఆ ప్రోగ్రాముల పాత భాష కోబాల్ నాలుగు ముక్కలు వచ్చినవాడికల్లా వీసా దొరికింది. కర్నూలు నుంచి నాకూ దొరికింది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరో రాసిన వేల వరుసల్లో తేదీలు వెతకడం, తలలో పేలు చూసినట్టు. అదీ నా గొప్ప ఐటీ ఉద్యోగం.

ఆ ఎవరోలో ఒకాయన నా పక్క కుర్చీలోనే ఉండేవాడు. పాతికేళ్ల కిందట ఆ ప్రోగ్రాములు రాసింది ఆయనే. రిటైరై ఇంట్లో కూర్చుంటే కంపెనీ బతిమాలి వెనక్కి పిలిపించుకుంది. అరవై ఏడేళ్లు. పేరు పెట్టి పిలవమనేవాడు. తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు, సార్ అంటే ఆయనకు ఒళ్లు మంట. చివరికి పిలవాల్సినప్పుడల్లా దగ్గేవాణ్ణి. ఆ దగ్గుకే పలికేవాడు.

కాలేజీలో నేను విలువిద్య జట్టులో ఉండేవాణ్ణని తెలిసిన వారమే ఆయన నన్ను కారెక్కించుకుని ఊరికి గంటన్నర దూరంలో ఉన్న తన క్లబ్బుకు తీసుకెళ్లాడు. బాణాలతో జింకల్ని వేటాడేవాళ్ల క్లబ్బు. అక్కడొక రైతు తన పొలం వెనక కొండను ఏటా ఏప్రిల్‌లో రెండు వారాలు వాళ్లకు వదిలేవాడు. ఆ రెండు వారాలు తుపాకీ మోత వినపడకూడదు, విల్లు మాత్రమే. ఆ జింకలు ఈ నేలవి కావు. ఒకప్పుడు ఇంగ్లిషువాళ్లు సరదాకి ఓడల్లో తెచ్చి వదిలితే పెరిగిపోయి పైర్లు మేసేస్తున్నాయి.

మా ఆవిడకు నేను వేటకు పోవడం మీద అభ్యంతరం లేదు, ఒక్క షరతు ఉంది. బాణం వదిలేటప్పుడు బిస్మిల్లా అనాలి. అప్పుడే ఆ మాంసం మాకు హలాల్. "మరిచిపోతే దేవుడు మాఫ్ చేస్తాడు. తెలిసీ నోరు మూసుకుంటే మాత్రం ఆ మాంసం ఇంట్లోకి తేవాకండి," అని ముందే చెప్పింది. ఇది పెద్దాయనకు ఎలా తెలిసిందో గాని, మొదటి ఏడాది నేను నారి లాగి గురి చూస్తుంటే పక్కన కూర్చుని చెవిలో "నీ మాట అన్నావా?" అని అడిగాడు. అన్నాను. ఆ ఏడు మా ఇంట్లో జింక ఖీమా తిన్నాం, ఆయనా వచ్చి తిన్నాడు.

రెండో ఏడు జనవరిలో, అక్కడ అదే వేసవి, ఆయన కుడి భుజానికి ఆపరేషన్ అయింది. చెయ్యి కాఫీ కప్పును ఎత్తుతుంది, వింటి నారిని లాగలేదు. ముప్పై ఏళ్లుగా ఒక్క ఏప్రిల్ కూడా మానని మనిషి. ఆలోచించి ఆలోచించి క్రాస్‌బో కొన్నాడు, తుపాకీలాంటి కొయ్య మీద అడ్డంగా బిగించిన విల్లు. దానికి పోలీసుల దగ్గర వేరే అనుమతి కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చుకున్నాడు. నారిని చిన్న చక్రం తిప్పి ఎక్కించుకోవచ్చు, అది అలాగే బిగిసి ఉంటుంది, ఎప్పుడో ట్రిగ్గర్ నొక్కితే చాలు. బాణాల రెండు వారాల్లో క్రాస్‌బోనూ అనుమతించాలని క్లబ్బుకు తీర్మానం రాసి ఇచ్చాడు. తన భుజం సంగతి అందులో ఒక్క ముక్క రాయలేదు. "క్రాస్‌బో కూడా విల్లే" అని మాత్రం రాశాడు.

ఇక మొదలైంది గోల. కంప్యూటర్ వచ్చినవాడినని నన్ను అంతకుముందే సెక్రటరీని చేశారు, అంటే వాళ్ల వాదాలన్నీ రాసుకునే ఖర్మ నాది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న సామెత మనకే ఉందనుకున్నాను, అక్కడ జింకలకు కూడా మూడే కాళ్లు. విల్లంటే పూర్వీకుల విద్య, పవిత్రం, యంత్రాలు కలపకూడదు అని ముప్పావుగంట మాట్లాడిన మనిషి విల్లుకు రెండు కప్పీలు, ఒక గురి అద్దం, దూరం కొలిచే మిషన్ ఉన్నాయి. ఇంకొకాయన క్రాస్‌బోకు భుజానికి ఆనించే మడమ ఉంది గనుక అది తుపాకీ అన్నాడు. మడమ కోసేస్తే విల్లవుతుందా అని ఎదుటివాడు అడిగాడు. ఈ ప్రశ్న మీద ఒక ఆదివారం. టీ చల్లారిపోయేది, బిస్కెట్లు మెత్తబడేవి, నా చేతివేళ్లు నొప్పి పుట్టేవి. పెద్దాయన మాత్రం గోడ పక్కన ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని కూర్చునేవాడు.

నాలుగో ఆదివారానికి లెక్క తేలింది. ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. మిగిలింది నేను.

నాకు ఒక అభిప్రాయం ఉంది. క్రాస్‌బో విల్లు కాదు. విల్లుతో వేటంటే ఉన్న కష్టమంతా జింక కళ్లముందు నారి లాగడంలో ఉంది. ఆ కదలికను అది చూసిందా, అయిపోయింది. నారి ముందే లాగి పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ కష్టం లేదు. ఇంత స్పష్టంగా తెలుసు. కానీ నాకు పని నేర్పింది, బండి తోలడం నేర్పింది, మా ఆవిడకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది ఆ మనిషి. ఆయన ఏప్రిల్ నా నోట్లో ఉంది. మింగలేను, కక్కలేను.

ఓటుకు ముందురోజు మా ఆవిడ అడిగింది. "అది విల్లని మీరు అనుకుంటాండారా?"

"లేదు."

"అట్లయితే లేదని చెప్పండి. లేకుంటే ఆయప్ప కోసం ఔననండి. గోడమీద పిల్లి మాదిరి కూచోవాకండి."

నాకు అంతకంటే తెలివైన ఉపాయం తట్టింది. ఆఫీసులో అప్పుడు మేం చేస్తున్నదే. సంవత్సరాన్ని నాలుగు అంకెలు చేయడానికి టైం లేక కంపెనీ ఒక అతుకు కనిపెట్టింది. రెండు అంకెలు అలాగే ఉంచు. యాభైకి తక్కువుంటే రెండువేలలోది అనుకో, ఎక్కువుంటే పందొమ్మిది వందలలోది అనుకో. పెద్దాయనకు అది చూస్తేనే అసహ్యం. "ఇది బాగుచేయడం కాదు. ఏది ఏమిటో తేల్చడానికి ధైర్యం లేక దాటేయడం," అని రోజుకోసారి విసుక్కునేవాడు. వారంలో ఐదు రోజులు ఆ మాట విన్నవాణ్ణి, ఆదివారం అదే పని చేశాను.

లేచి నిలబడి సవరణ ప్రతిపాదించాను. క్రాస్‌బో విల్లా కాదా అన్నది అలా ఉంచుదాం. అరవై ఐదు దాటినవాళ్లకు, లేదంటే డాక్టరు ఉత్తరం తెచ్చినవాళ్లకు మాత్రం అనుమతిద్దాం. పామూ చావలేదు, కర్రా విరగలేదు. నాలుగు వారాలు జుట్లు పట్టుకున్నవాళ్లంతా హమ్మయ్య అనుకుని చేతులెత్తారు. కప్పీల విల్లాయన వచ్చి నా వీపు తట్టాడు. పన్నెండు చేతులు లేచాయి. వ్యతిరేకంగా ఒక్కటి, గోడ పక్కన, ఎడమ చెయ్యి. నేను లెక్క రాసుకుంటూ, ఆయనకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను. అంత మొద్దుని.

తిరుగు ప్రయాణం ఆయన కారులోనే. గంటన్నర. గంట దాటాక అన్నాడు. "నా ప్రోగ్రాములకు వేసినట్టే నాకూ వేశావు."

"మీకు అనుమతి వచ్చింది కదా," అన్నాను.

"ముసలివాడని వచ్చింది," అన్నాడు. మా ఇంటి ముందు ఇంజను ఆపకుండానే నన్ను దించి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ వచ్చింది. ఆయన రాలేదు. క్రాస్‌బో పెట్టెలోంచి తీయలేదు. వచ్చిందెవరంటే ముప్పై ఏళ్ల ఎద్దులాంటి మనిషి, మా క్లబ్బువాడే. టెన్నిస్ ఆడి మోచెయ్యి నొప్పి చేసిందట, డాక్టరు ఉత్తరం తెచ్చాడు. దూరదర్శిని బిగించిన కొత్త క్రాస్‌బో భుజాన వేసుకుని, రెండో రోజుకే జింకను కొట్టి, దాన్ని ఆ మోచేత్తోనే ఎత్తి బండిలో వేసుకున్నాడు. నియమం రాసింది నేను, నోరెత్తితే ఒట్టు. నేనెక్కిన మంచె మీద పక్కన జాగా ఖాళీ. జింక వచ్చింది. నారి లాగాను. నీ మాట అన్నావా అని అడిగేవాళ్లు లేరు. కోపంలో గురి తప్పింది, బాణం చెట్టుకు తగిలింది. మళ్లీ లాగబుద్ధి కాలేదు. ఆ ఏడు ఖీమా లేదు.

రెండువేలు వచ్చింది. జనవరి ఒకటి పొద్దున అందరం ఆఫీసుకు వెళ్లాం, ఏ మిషన్ కూలిపోతుందో చూద్దామని. ఒక్కటీ కూలలేదు. మేం వేసిన అతుకులన్నీ నిలబడ్డాయి. మేనేజరు కేకు తెప్పించాడు. పెద్దాయన ఉద్యోగం ఆ వారంతో సరి, సొరుగులో సామాను అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు. నేను పక్కన నిలబడి దగ్గాను.

"ఒకటి అడుగుతాను," అన్నాడు. "క్రాస్‌బో విల్లని నువ్వు అనుకున్నావా?"

"లేదు. కాదనే అనుకున్నాను."

"మరి కాదని ఓటెయ్యాల్సింది. నీ మీద కోపం వచ్చేది. ఓ నెల తిట్టుకునేవాణ్ణి. తర్వాత విల్లు లేకుండానే వచ్చి నీ పక్కన కూర్చునేవాణ్ణి." పెట్టె మూత మూశాడు. "జాలి చూపించినవాళ్ల పక్కన కూర్చోలేకపోయాను."

పెట్టె నేను మోస్తానన్నాను. వద్దన్నాడు. ఎడమ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత కొడుకు దగ్గరికి ఉత్తరాన ఎక్కడికో వెళ్లాడని విన్నాను. క్లబ్బుకు మళ్లీ రాలేదు. నేనూ ఆ ఏడాదే మానేశాను.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ పుచ్చకాయ కోస్తోంది. జరిగిందంతా చెప్పాను. చివరికైనా నిజం చెప్పాను కదా అని కూడా అన్నాను. కత్తి ఆపి నా వైపు చూసింది.

"బాణం పోయినాక బిస్మిల్లా అన్నట్టుంది. ఓటేసిన దినం మీరు మరిచిపోయినారా, తెలిసీ నోరు మూసుకున్నారా?"

"తెలిసే," అన్నాను.