ఇప్పుడు యాడున్నవ్?

మా వీరేష్ ఎవరితో మాట కలపాలన్నా ముందు "ఇప్పుడు యాడున్నవ్?" అని అడగాల్సిందే. ఫోన్‌లో అడిగితే సరే. వాడి ఎదురుగా కూర్చుని, వాడు పోయించిన చాయే తాగుతున్నా అడుగుతాడు. జవాబు ఊరి నుంచి వరసగా చెప్పాలి: సోలాపూర్, భవాని పేట్, రంగుల గల్లి, కార్ఖానా, కుర్చీ. మధ్యలో ఒకటి వదిలేస్తే మళ్లీ మొదటికి.

ఈ జబ్బు కంప్యూటర్ నుంచి అంటిందని మా అందరి నమ్మకం. మా చద్దర్ల కార్ఖానాలో డిజైన్ల కంప్యూటర్ వాడిదే. మౌస్ ముట్టడు. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో దాంట్లోకి దూరుతాడు. 'సీడీ' అని పేరు కొడితే ఆ గదిలోకి. పేరుకు బదులు రెండు చుక్కలు పెడితే ఒక గడప వెనక్కి. 'పీడబ్ల్యూడీ' కొడితే మనం ఏ గదిలో ఉన్నామో దారంతా చూపిస్తుంది. అది చూసుకోకుండా మా సేఠ్ రాజారాం ఒకసారి తనే మీటలు నొక్కాడు. పులుల చద్దర్ల మీద చిన్నపిల్లల తువ్వాళ్ల బాతులు ఎక్కాయి, ఒక్కోటి మంచమంత.

తన మేనల్లుడు వెంకటేశ్ పెళ్లిలోనూ వీరేష్ ఊరుకోలేదు. జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకున్న పెళ్లికొడుకు పీట దాకా దారి అప్పజెప్పే వరకు పంతులు మంత్రం ఆపుకున్నాడు.

మొన్న వీరేష్ తల్లి మల్లమ్మ కనబడలేదు. చుట్టిన బీడీలు కంపెనీలో అప్పగించి వస్తానని పోయిన మనిషి పొద్దుగూకుతున్నా రాలేదు. ఈమధ్య ఆమెకు మతి నిలవడం లేదు. ఇంట్లో కూర్చుని ఇల్లెక్కడని అడుగుతుంది. వీరేష్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. గల్లీ గల్లీ వెతికాం. నాకు నిజంగానే భయం వేసింది.

అంతలో ఆటో వచ్చి ఆగింది. దిగింది మల్లమ్మే. జోడ్‌భావి పేట్‌లో దిక్కులు చూస్తూ నిలబడిందట. ఆటో నడిపే పెంటప్ప కూడా వీరేష్ బాధితుడే. వాడి మాటే నోట్లో నానుతుండగా "అవ్వా, యాడున్నవ్?" అన్నాడట. ఆమె తడుముకోకుండా "సోలాపూర్, భవాని పేట్, రంగుల గల్లి, వీరేష్ ఇల్లు" అందట. ఆమె ఉన్నది అక్కడ కాదు గానీ, చేరాల్సింది అక్కడికే.

మల్లమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మా పోరనికి మతి ఉంటలేదు బిడ్డా. యాడున్నమో దినాం నన్నే అడుగుతడు. గల్లీల అందర్ని గూడ అడుగుతడట. జరా ఓపికతోని చెప్పుండ్రి."

ఆమె లోపలికి పోయాక ఆ మాట వీరేష్‌కు చెప్పాను.

"ఒక్క అమ్మనే అడిగితె తనకేమో అయిందని భయపడ్తది," అన్నాడు మెల్లగా. "అందర్ని అడిగితె నాకే పిచ్చి అనుకుంటది. అనుకోనీ."

మర్నాడు వాళ్లింటి అరుగు మీద చాయ్ ఇస్తూ మళ్లీ అడిగాడు. పక్కనే మల్లమ్మ బీడీలు చుడుతోంది. నేను గొంతు పెంచి మొదలుపెట్టాను. "సోలాపూర్, భవాని పేట్, వీరేష్ ఇల్లు, అరుగు."

మల్లమ్మ చేతిలో ఆకు ఆగింది.

"గల్లి ఇడిసినవ్ బిడ్డా. మల్ల మొదటిసంది చెప్పు."