చెయ్యి పట్టేంత పగులు

ఆ అమ్మాయి పేరు నాకు తెలియదు. జూన్ మొదటి వారంలో ఫిల్మ్‌నగర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న పదో తరగతి పిల్ల. ప్రభుత్వ పాలన నేర్పే యువ నాయకత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు ఇచ్చి వస్తున్నానని చెప్పింది.

“నాయకురాలివి అవుతావా, అమ్మా?”

“గోడ మా మీద కూలకుండ ఆగితే అయిత, తాతా. మా ఇంటెనక బంగళా గోడ పగిలింది. ఎవలకు చెప్పినా వస్తలేరు. ఎంపికైతే కలెక్టర్ సార్‌తోని మాట్లాడనిస్తరట. గప్పుడు చెప్త.”

అంకె లేని మాటను నేను నమ్మను. పగులు ఎంత వెడల్పని అడిగాను.

“ఉగాదికి రూపాయి బిళ్ల పట్టేది. ఇప్పుడు గింత,” అంటూ రెండు సీట్ల నడుమ సందులోకి అరచెయ్యి దూర్చింది.

“ఎంపిక ఎప్పుడు?”

“ఆగస్టుల.”

అద్దం మీద తొలి చినుకులు పడ్డాయి. ఆమె దిగిపోయాక ఆ సందులో నా చెయ్యి పెట్టి చూశాను. నాదీ పట్టింది.