ఒకే తీగ, రెండు చెవులు

మా మేడమీద అద్దెకున్న కంప్యూటర్ మెకానిక్‌ని వీధంతా "బెదురుగొడ్డు" అంటుంది. గ్యాస్ కట్టేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి చూసుకునే మనిషి. పనిచేసేది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో. అక్కడ బాయిలర్‌లో ఆవిరి ఎంత ఒత్తిడిమీద ఉందో మీటరు ఒక తీగ గుండా లైనక్స్‌తో నడిచే కంప్యూటరుకు అంకెల్లో చెబుతుంది. ఆ తీగ గుచ్చే చోటుని సీరియల్ పోర్టు అంటారట. అంకెను బట్టి కంప్యూటరు మంట పెంచుతుంది, తగ్గిస్తుంది. గోడకు అవతలే అతని భార్య ఇస్త్రీ చేస్తుంది.

ఓ రోజు ఆ ఇస్త్రీ పిల్ల మరిచిపోయిన క్యారేజీ పట్టుకుని నేనే వెళ్లాను. క్యారేజీ ఒక వంక. లోపలేముందో చూడకపోతే నాకు అన్నం సహించదు.

అతను చెమటలు కక్కుతూ తెరముందు కూర్చున్నాడు.

"ఏమయ్యా, దయ్యాన్ని చూశావా?"

"పొద్దున అంకె ఓసారి తడబడింది పెద్దమ్మా. తీగలో ఏమొస్తోందో చూద్దామని కంప్యూటర్లోనే పక్కన ఇంకో కిటికీ తెరిచా. ఇందులో అన్నీ ముక్కలే. అసలు తెరమీదేమో ఒత్తిడి ఆరు దగ్గరే ఆగిపోయింది."

ఆ నల్లటి కిటికీలోకి తొంగిచూశాను. సగం అంకె, ఒక చుక్క, మళ్లీ సగం. గోడ అవతల హోరు పెరుగుతోంది.

"మరి ఇందులోకొచ్చిన ముక్క ఆ తెరకి కూడా వెళ్తుందా?" నోరూరుకోక అడిగాను.

అతను కుర్చీలోంచి దిగ్గున లేచాడు.

"వెళ్లదు! ఒకే కుళాయికి రెండు బిందెలు పెట్టా పెద్దమ్మా. దాని నీళ్లు నేనే పట్టేసుకుంటున్నా!"

కిటికీ మూసేశాడు. ఆరు కాస్తా ఒక్క గెంతున పది అయింది. దాటకూడని ఎర్రగీత పది దగ్గరే. ఇంతసేపూ ఆరే ఉంది, చాలదనుకుని కంప్యూటరు మంట ఎగదోస్తూనే ఉంది.

గోడమీద మంట ఆపే ఎర్ర బొత్తాం గుద్ది, "బయటికి రండి! అందరూ బయటికి!" అని అరిచాడు. ఆ గొంతులో అంత కేక ఉందని ఎవరికి తెలుసు? ఆవిరి పైగొట్టంలోంచి బుస్సున తన్నింది. ఆడవాళ్లంతా పరుగున వచ్చారు. ఆ పిల్ల రాలేదు.

అతను లోపలికి ఉరకబోతుంటే అందరికంటే ఆఖరున వచ్చింది.

"ఇస్త్రీపెట్టె కట్టేసి వచ్చా. లేకపోతే మీరు మూడుసార్లు వెళ్లి చూసొస్తారుగా!"

అతను ఆమె చెయ్యి పట్టుకుని నేలమీద కూలబడ్డాడు.

ఇప్పుడు తీగ జోలికి పోడు. మంట నడిపే ప్రోగ్రాం చదివేసిన దాన్నే పక్కనుంచి చూపించే పనిముట్టు పెట్టుకున్నాడు. అయినా లోపలికెళ్లి మీటరు ముల్లు కళ్లారా చూసొస్తాడు.

నిన్న గ్యాస్ చూడ్డానికి మళ్లీ మెట్లెక్కుతున్నాడు. నేనూ చూసొద్దామని వెనకాలే ఎక్కాను.