స్టెల్లా మేడమ్ రగ్బీ జట్టు

స్టెల్లా విజయవాడలో ఒక మహిళా డిగ్రీ కాలేజీకి పీడీ, అంటే ఆటలు నేర్పే మేడమ్. నలభై ఆరేళ్లుంటాయి. పుట్టిందీ పెరిగిందీ గుణదల. తండ్రి శౌరయ్య రైల్వేలో పట్టాల పని చేసేవాడు. ఆయన కూతురు రాష్ట్ర జట్టుకు కబడ్డీ ఆడిందని ఆ వీధిలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

కిందటేడు ఆగస్టులో ప్రిన్సిపాల్ గారు ఆమెను పిలిచి, "ఈసారి యూనివర్సిటీ వాళ్లు అమ్మాయిలకి రగ్బీ పెట్టారమ్మా. మనకి టీమ్ కుదురుతుందంటావా?" అని అడిగారు. అప్పటిదాకా స్టెల్లా ఆ ఆటను టీవీలో తప్ప చూసి ఎరగదు. అయినా "కుదురుతుందండీ" అనేసింది. పది రోజుల శిక్షణకు వెళ్లి, తనలో సగం వయసు వాళ్లతో పాటు నేలమీద పడి లేచి, ఆట నేర్చుకుని వచ్చింది.

పన్నెండు మంది పోగయ్యారు. కోడిగుడ్డులాంటి ఆ బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తడం వాళ్లకి భలే నచ్చింది. కానీ బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి అంటే మాత్రం ఒక పట్టాన తలకెక్కలేదు. కాలేజీ గ్రౌండు బురదగా ఉన్న రోజుల్లో భవానీపురం వైపు కృష్ణ ఒడ్డున ఇసుకలో ఆడించేది. ఇసుకలో పడీ పడీ పిల్లలకి పడటమంటే భయం పోయింది.

మొదటి మ్యాచ్ మచిలీపట్నంలో. ముప్పై ఎనిమిది, సున్నాతో చిత్తుగా ఓడిపోయారు. తిరుగు బస్సులో ఏడవని పిల్ల లేదు.

"వాళ్లు మనల్ని చూసి ఒక్కసారైనా బెదిరారా?" అని అడిగింది స్టెల్లా.

అందరికంటే పొట్టిది, చిన్ని, ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. "ఒక్కసారి మేడమ్. మన కెప్టెన్ భానక్క పరుగెత్తుకొచ్చి వాళ్ల పిల్లని నడుం పట్టుకుని పడేసినప్పుడు."

"సరే. ఈసారి ఆ పని అందరూ చెయ్యండి."

రెండో మ్యాచ్‌లోనూ ఓడిపోయారు గానీ తేడా ఏడు పాయింట్లే. గుడివాడలో గెలిచారు. ఆ గెలుపులో కెప్టెన్ భానుశ్రీ చెంప కమిలిపోయింది. మర్నాడే పామర్రు నుంచి ఆమె తండ్రి వెంకటసుబ్బారావు, పొలం పని వదిలేసి కాలేజీకి వచ్చాడు.

"ఏంటండీ మేడమ్ ఇది? చదువుకోమని పంపిస్తే మొహం వాచిపోయింది పిల్లకి!"

"ఒక్క మ్యాచ్ చూడండి అన్నయ్యగారూ. ఆ తర్వాత మానిపించమంటే మానిపిస్తాను."

చూశాడు. ముగ్గురిని తప్పించుకుని గీత దాటిన కూతుర్ని చూసి, తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. ఆ తర్వాత ఒక్క మ్యాచ్ వదల్లేదు. సెమీఫైనల్ కూడా గెలిచారు.

ఫైనల్ గన్నవరంలో, మొదట్లో తమని చిత్తు చేసిన మచిలీపట్నం జట్టుతోనే. యూనివర్సిటీ సెలెక్టర్లు కూడా వచ్చి కూర్చున్నారు. ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉంది. పది, అయిదుతో స్టెల్లా జట్టుదే పైచేయి. అప్పుడు భానుశ్రీ తల ఎదుటి పిల్ల మోకాలికి ఠపీమని తగిలింది. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత లేచి దుమ్ము దులుపుకుంది.

స్టెల్లా లోపలికి పరుగెత్తింది. "ఎవరితో ఆడుతున్నాం భానూ?"

"గుడివాడ వాళ్లతో మేడమ్."

స్టెల్లా చెయ్యెత్తి, బయటికి తీసేస్తున్నానని సైగ చేసింది.

"నేను బాగానే ఉన్నాను మేడమ్!" అని ఏడ్చింది భానుశ్రీ. గట్టు మీంచి వెంకటసుబ్బారావు కూడా అరిచాడు. "నాలుగు నిమిషాలేనండీ! సెలెక్టర్లు చూస్తున్నారు!"

స్టెల్లాకి తన పంతొమ్మిదో ఏడు గుర్తొచ్చింది. మోకాలు మెలిపడితే కోచ్ మందు చల్లి మళ్లీ కోర్టులోకి తోశాడు. ఆ మ్యాచ్ గెలిచారు. ఆ తర్వాత ఆమె మళ్లీ కబడ్డీ ఆడలేదు.

"నా పిల్లని నేను పంపనండీ" అని, చిన్నిని లోపలికి పంపింది.

చిన్ని తనకంటే రెండింతలున్న వాళ్లని రెండుసార్లు పడేసింది. కానీ చివరి నిమిషంలో ఎదుటి జట్టు గీత దాటి అయిదు, బంతిని గోలు స్తంభాల మధ్యలోంచి తన్ని ఇంకో రెండు పాయింట్లు తెచ్చుకుంది. పన్నెండు, పది. ఓడిపోయారు.

కారులో ఆసుపత్రికి వెళ్తూ భానుశ్రీ రెండుసార్లు వాంతి చేసుకుంది. స్కాన్ చూసిన డాక్టర్, "ఇంకో దెబ్బ తగిలుంటే చాలా ప్రమాదమయ్యేది. బయటికి తీసిందెవరు?" అన్నాడు. వెంకటసుబ్బారావు స్టెల్లా వైపు చెయ్యి చూపించాడు.

నెలరోజుల విశ్రాంతితో భానుశ్రీ కోలుకుంది. యూనివర్సిటీ జట్టుకు ఆ ఏడు ఆమెను తీసుకోలేదు, చిన్నిని తీసుకున్నారు. ఆ జాబితా వచ్చాక వారం రోజులు మేడమ్‌తో మాట్లాడని భానుశ్రీ, ఎనిమిదో రోజు గ్రౌండుకు వచ్చి చిన్నికి బంతి అందించడం మొదలుపెట్టింది.

ఈ జూన్‌లో రగ్బీకి పేర్లివ్వమంటే ముప్పై నాలుగు మంది వరసలో నిలబడ్డారు. వాళ్ల వెనక వెంకటసుబ్బారావు, తమ్ముడి కూతురు రుచితను వెంటబెట్టుకుని వచ్చి ఉన్నాడు.

"మా వాళ్లు వేరే కాలేజీ అన్నారండీ. ఆడితే మీ దగ్గరే ఆడాలని నేనే పట్టుబట్టాను."

స్టెల్లా నవ్వి, మెడలో విజిల్ సర్దుకుంది. "నిలబడి చూస్తావేంటమ్మా? బూట్లు వేసుకో."