చెవిలో పెట్టుకున్న ఏడుపు నుండి విడుదల

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, నా అక్కచెల్లెండ్లారా, నా నోరు గట్టిదని మా వీధిలో పేరుంది గానీ అది కొళాయి దగ్గర తగవులాడే నోరు, సంఘంలో లేచి మాట్లాడే నోరు కాదు, అయినా దేవుడు నా ఇంట్లో చేసిన మేలును చెప్పకుండా దాచుకుంటే నా మనసు ఊరుకోదు కాబట్టి ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

నా పేరు సువార్తమ్మ. మైదుకూరు దగ్గర పల్లె మాది. తాగుడు నుండి, రోగం నుండి, దయ్యాల నుండి విడుదల పొందినవాళ్ళ సాక్ష్యాలు మీరు చాలా విన్నారు, కానీ నన్ను పట్టుకున్న దానికి అలాంటి పేరేమీ లేదు. నేను పాటలకు బానిసనయ్యాను. నవ్వకండి! అవి సినిమా పాటలు కూడా కావు, మన సంఘంలో మనం పాడుకునేవే, మనిషిని సమాధి చేసే రోజు పాడే పాటలే. ఆ పాటలు వింటూ వింటూ నేను బ్రతికుండగానే సమాధిలో కూర్చున్నాను, నాతోపాటు నా ఒక్కగానొక్క కూతుర్ని కూడా అందులోకి లాక్కున్నాను.

నేను కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తున్నప్పుడు ఇక్కడ నా భర్త దేవదానం చనిపోయాడు. పసుపు తోటకు నీళ్ళు కట్టి వచ్చి, గుండెల్లో మంటగా ఉందని అరుగు మీద పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. నాకు సెలవు దొరికి, కాగితాలు చేతికి వచ్చి, నేను బయలుదేరేదాకా మన ఎండల్లో శవాన్ని ఎవరు ఉంచగలరు? నేను లేకుండానే నా భర్తను మట్టి చేశారు. మా మరిది ప్రకాశం, వదిన కళ్ళతో చూసుకోలేకపోయిందే, చెవులతోనైనా విననీ అని, ఇంటి దగ్గర పాడిన పాటలు, సమాధి దగ్గర పాడిన పాటలు అన్నీ ఫోన్లో రికార్డు చేసి నాకు పంపించాడు. మంచి మనసుతోనే పంపాడు, ఆయన్ను నేను ఒక్క మాట అనను.

ఆ రికార్డులో మన సంఘం పెద్దమ్మ కరుణమ్మ గొంతు ముందు లేస్తుంది, తక్కిన ఆడవాళ్ళు అందుకుంటారు, మధ్యలో ఎవరో వెక్కుతారు, డోలక్ చప్పుడు మాత్రం ఉండదు, ఎందుకంటే ఆ డోలక్ వాయించేవాడే పెట్టెలో ఉన్నాడు. చివరికి మన్ను పడే చప్పుడు వినిపిస్తుంది. అక్కడితో ఆగిపోతుంది.

సహోదరులారా, ఉన్నమాట చెప్పాలి, మొదట్లో ఆ పాటలే నన్ను బ్రతికించాయి. పరాయి దేశంలో, నా భాష తెలియని ఇంట్లో, ఇస్త్రీ బల్ల ముందు నిలబడి ఏడవడానికి కూడా వీల్లేనప్పుడు, ఫోన్ వైరు చెవిలో పెట్టుకోగానే కన్నీళ్ళు జలజలా రాలేవి, రాలిన తర్వాత కాస్త ఊపిరి ఆడేది, మా ఊరివాళ్ళందరూ నా చుట్టూ ఉన్నట్టుండేది. అందుకు కూడా నేను దేవునికి స్తోత్రమే చెల్లిస్తాను. పాటలు చెడ్డవని చెప్పడానికి నేను రాలేదు.

పని ఒప్పందం ముగిసి ఇంటికి తిరిగొచ్చాను. అప్పటిదాకా మరిది ఇంట్లో ఉన్న నా కూతురు దీవెన మైదుకూరు బస్టాండుకు ఎదురొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల, నా భుజం దాకా పెరిగింది. అది ఏడవలేదు, నా చేతిలో సంచి అందుకుని నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. నేను దాన్ని పట్టుకుని, "పాటలన్నీ విన్నానమ్మా, అంతా విన్నాను" అన్నాను. ఆ బిడ్డను ఆ రోజు ఏం జరిగిందని అడగలేదు, ఎట్లా ఉన్నావని అడగలేదు, అంతా విన్నాను కదా, ఇంకేం మిగిలింది అనుకున్నాను!

ఇంటికి వచ్చాక ఆ రికార్డు ఆగిపోవాల్సింది, ఆగలేదు, పెరిగింది. పొద్దున లేవగానే అదే, పొయ్యి దగ్గర అదే, కూలికి పోయి పసుపు కొమ్ములు విరిచేటప్పుడు కూడా అదే. ఫోన్ సంగతి మీకు తెలుసు కదా, ఒక దుఃఖపు పాట వింటే అలాంటివే ఇంకో పది తెచ్చి వరసగా వినిపిస్తుంది, వద్దన్నా వడ్డించే చుట్టం లాగా. పుండు మీద గోకితే హాయిగానే ఉంటుంది, మంట తర్వాత కదా తెలిసేది. వింటున్నంతసేపు తీయగా ఏడ్చేదాన్ని, ఆపగానే ఇల్లంతా వెలవెలబోయినట్టు ఉండేది, ఆ వెలితి భరించలేక మళ్ళీ పెట్టేదాన్ని. ఎప్పుడైనా పొరపాటున మనసు తేలికపడితే, అయ్యో, నా భర్తను మరిచిపోతున్నానేమో అని భయమేసి, ఏరికోరి ఆ పాటే పెట్టుకుని మళ్ళీ దుఃఖంలోకి దిగేదాన్ని. ఛార్జింగ్ అయిపోతే చేతులు ఆడేవి కావు, కోపం ముంచుకొచ్చేది. పక్కింట్లో ఎవరైనా గట్టిగా నవ్వితే నన్ను తిట్టినట్టు ఉండేది.

ఇందులో పెద్ద మోసం ఏమిటంటే, నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. తాగేవాణ్ణి చూస్తే నలుగురు మందలిస్తారు, పేకాట ఆడేవాణ్ణి చూస్తే పెళ్ళాం తిడుతుంది, కానీ దేవుని పాటలు వింటూ కన్నీళ్ళు పెట్టుకునే విధవరాలిని ఎవరంటారు? "సువార్తకు ఎంత భక్తి ఉండాది సూడు" అని మీలోనే కొందరు అన్నారు, నేను నా చెవులతో విన్నాను, విని లోపల పొంగిపోయాను కూడా! నేనూ దాన్ని ప్రార్థనే అనుకున్నాను. నిజానికి ఆ రోజుల్లో నేను దేవునితో ఒక్క మాట మాట్లాడలేదు, వైరు చెవిలో ఉంటే ఆయన మాట మాత్రం ఎట్లా వినపడుతుంది?

దీవెన ఆ ఇంట్లో ఎట్లా బ్రతికిందో నాకు తెలియదు. నేను వండి గిన్నెలు మూతలు పెట్టి నా మూలకు పోయేదాన్ని, అది ఎప్పుడు తినేదో, ఎంత తినేదో నేను చూడలేదు. మాటలు తగ్గించింది, తర్వాత మానేసింది. పెద్దపిల్ల అవుతోంది కదా, నెమ్మది వచ్చిందిలే అనుకున్నాను. ఒక రోజు బడి నుండి కబురొచ్చింది, ప్రార్థనకు వరసలో నిలబడ్డ పిల్ల కుప్పకూలిపోయిందని.

కడప పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. బల్ల మీద పడుకోబెట్టి డాక్టరమ్మ చొక్కా చేతులు పైకి తోసినప్పుడు నా బిడ్డ చేతులు చూశాను, సహోదరీలారా, జొన్నసొప్ప లాగా ఉన్నాయి. రక్తం చాలా తక్కువుందని చెప్పి ఆమె నన్ను అడిగింది, "ఇంట్లో ఏం తింటాదమ్మా బిడ్డ?"

"వండి పెడతాండా మేడం" అన్నాను.

"వండేది కాదమ్మా నేను అడిగేది. తింటాండాదా?"

డాక్టరమ్మ మాత్రలిచ్చి, ఇట్లాగే ఉంటే బిడ్డకు ప్రాణం మీదికి వస్తుందని చెప్పి పంపింది. ఆ మాత్రలు కూడా అది మింగేది కాదు, దిండు కింద దొరికాయి. నేను తిట్టాను, బ్రతిమాలాను, కొట్టడానికి చెయ్యి కూడా ఎత్తాను. అది గోడవైపు తిరిగి పడుకుంది. నేనేం చేశాను? భయంతో మళ్ళీ వైరు చెవిలో పెట్టుకుని, "ప్రభువా, భర్తను తీసుకున్నావు, బిడ్డను కూడా తీసుకుంటావా" అని ఆ పాటలకు తోడుగా ఏడ్చాను. నా మొరకు ఆకాశం ఇనుములా ఉండేది. బిడ్డ ఇంకా చిక్కిపోయింది.

అలాంటి రోజుల్లో కరుణమ్మ మా ఇంటికి వచ్చింది. పక్క ఊళ్ళో ఒక యవ్వనస్థుడు చనిపోయాడని, ఆదరణ కూడికకు పాడేవాళ్ళు తక్కువయ్యారని, "లెయ్ మే సువార్తా, గొంతుండి గూడా ఇంట్లో కూచుంటావా, పోదాం పా" అని చెయ్యి పట్టి లేపింది. నాకు పోవాలనే ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒకరి ఇంటి దుఃఖంలో నేను కడుపునిండా ఏడవచ్చని పోయాను.

ఆ ఇంట్లో చనిపోయినవాడి భార్య గోడకు ఆనుకుని కూర్చుంది, చిన్నది, కళ్ళలో చుక్క నీరు లేదు. మేము పాట ఎత్తుకున్నాము. రెండో పాటకు ఆమె పెదవి వణికింది, మూడో పాటకు భోరుమంది. నాకు అప్పుడే గుండె పొంగుతోంది, ఇంకో పాట అందుకుందామని నోరు తెరిచాను, కరుణమ్మ నా తొడ మీద చెయ్యి వేసి ఆపేసింది. లేచింది. చెయ్యి కడుక్కుంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగు తెచ్చిన అన్నంలో పప్పు కలిపి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది. అది తల తిప్పుకుంది. ఈమె చెయ్యి దించలేదు. ఎంతసేపో అట్లాగే పట్టుకుని కూర్చుంది, చివరికి ఆ పిల్ల నోరు తెరిచింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను నిష్ఠూరంగానే అడిగాను, "అంత తొందరగా ఆపేస్తివేం పెద్దమ్మా? ఇంకా శానా పాటలుండాయి కదా."

కరుణమ్మ అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "పాట యాలమ్మా? బిగుసుకపోయిన గుండెను మెత్తగ జేసేకి. మెత్తబడినంక అన్నం పెట్టాల. ఊరికే పాడతానే ఉంటే మనిషి కరిగిపోతాది." మళ్ళీ తనే అంది, "మీ ఆయనను మట్టి జేసిన దినం గూడా అట్లే జేస్తిమి. సమాధి కాడి నుంచి వచ్చి అందరికీ తినిపిస్తిమి. మీ మరిది తినె, అందరూ తినిరి. నీ కూతురొక్కతే నోరు తెరవల్యా. మాయమ్మ వచ్చి పెడితే తింటా అనె."

సహోదరులారా! ఆ రికార్డు మన్ను పడే చప్పుడు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత జరిగింది అందులో లేదు. ముద్దలు కలిపిన చేతులు అందులో లేవు. నా బిడ్డ నా కోసం నోరు మూసుకుని కూర్చున్న సంగతి అందులో లేదు. అంతా విన్నాను అని చెప్పి, నేను సగం విన్న దుఃఖంలోనే ఇల్లు కట్టుకుని కాపురం చేశాను, నా బిడ్డ అన్నం కోసం గుమ్మంలో నిలబడే ఉంది!

ఆ ఆటో కుదుపుల్లో తల వంచుకుని నేను ప్రార్థన చేశాను, ఎన్నాళ్ళకో చేసిన నిజమైన ప్రార్థన అది. "ప్రభువా, ఏడ్చేదానికి నాకు బలమిచ్చినావు, లేచేదానికి ఇయ్యి. నా బిడ్డ నోరు తెరువు తండ్రీ. నేను ఆలస్యంగా వచ్చినా, తోసేయొద్దని దానికి చెప్పు." అంతే, ఇంకేమీ అడగలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. దీవెన మంచం మీద కూర్చుని ఉంది. నేను చెయ్యి కడుక్కుని, అన్నంలో పప్పు కలిపి, దాని ముందు కూర్చున్నాను. సహోదరీలారా, నా బిడ్డ పళ్ళెం వైపు చూడలేదు. ముందు నా చెవుల వైపు చూసింది, వైరు ఉందా లేదా అని. లేదు. ముద్ద అందించాను. తల తిప్పుకుంది. నేను చెయ్యి దించలేదు. దాని కళ్ళు నిండాయి, అంతకాలానికి గొంతెత్తి ఏడ్చింది, ఏడుస్తూ, "వస్తివి గానీ మా, నువ్వు రాల్యా" అంది. ఆ మాట కత్తిపోటు. నిజమే కదా అన్నాను, ఈరోజు వచ్చినాను తల్లీ అన్నాను. అది నోరు తెరిచింది. ఆ ముద్ద మింగడానికి చాలాసేపు పట్టింది. మింగింది! దేవునికే మహిమ!

ఒక్క ముద్దతో అంతా బాగైపోయిందని నేను అబద్ధం చెప్పను. కొన్ని రోజులు తిన్నది కక్కుకుంది, ఆసుపత్రికి ఎన్నోసార్లు తిరిగాము, మాత్రలు వేసుకుంది, నెమ్మదిగా ముఖంలో రక్తం కనిపించింది. వాళ్ళ నాయన చివరి రోజు సంగతి అది కొంచెం కొంచెంగా చెబుతోంది, ఇంకా పూర్తి కాలేదు. నా దుఃఖం కూడా పోలేదు. ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో లేచేసరికి గుండె మీద బండ పెట్టినట్టే ఉంటుంది, చెయ్యి దానంతటదే ఫోన్ కోసం పోతుంది. ఆ రికార్డును నేను తీసేయలేదు. వినాలనిపిస్తే ఇద్దరం పక్కపక్కన కూర్చుని, వైరు లేకుండా, గట్టిగా పెట్టుకుని వింటాము, ఏడుస్తాము, మన్ను పడే చప్పుడు అయ్యాక లేచి పొయ్యి వెలిగిస్తాము.

మీలో ఎంతమంది నాలాగే ఒంటరిగా చెవిలో ఏడుపు పెట్టుకుని తిరుగుతున్నారో నాకు తెలియదు. అది ప్రేమ పాట కానీ, భక్తి పాట కానీ, మీ దుఃఖం దేవునికి తెలుసు, ఏడవండి, ఆయన కాదనడు. కానీ మిమ్మల్ని లేపడానికి ఆయన చాపిన చేతిని కూడా నమ్మండి, ఆ చెయ్యి చాలాసార్లు పప్పన్నం అంటిన మనిషి చెయ్యిలాగే ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా అట్లా కూర్చుని ఉంటే పాట ఆపమని అరవకండి, పక్కన కూర్చుని వాళ్ళతోపాటు కాసేపు వినండి, తర్వాత లేచి చెయ్యి కడుక్కోండి.

ఇంకొక్క మాట చెప్పి కూర్చుంటాను. ఈ సంగతులన్నీ నలుగురిలో చెప్పేది కదా అని దీవెనను ముందే అడిగాను, "చెప్పు మా, అంతా చెప్పు" అంది. అదిగో వెనక వరసలో కూర్చుని నాకు సైగలు చేస్తోంది. "బిరీన ముగించు మా, ఆకలేస్తాండాది" అంటోంది.

నా బిడ్డకు ఆకలేస్తోంది సహోదరులారా! దేవునికే మహిమ!