మన ఛానల్ వార్తలు, డ్రైవరన్న కుట్టుమిషన్

ఫోన్ తీస్తే లోకమంతా కనబడే ఈ కాలంలో చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో ఒమాన్‌లోని సోహార్‌లో మా కంపెనీ క్యాంపుకి సొంత టీవీ ఛానల్ ఉండేది. రూములన్నిటికీ వెళ్లే కేబుల్‌కి స్టోర్ చూసే మా మావయ్య మెస్ పక్క గదిలోంచి ఒక వీడియో కెమెరా తగిలించాడు (మేనేజర్ అనుమతితోనే లెండి). "సినిమావాళ్ల మొహాలు ఎక్కడైనా కనబడతాయిరా. మన మొహాలు మనకి కనబడాలి. అబద్ధం మాత్రం చెప్పకూడదు" అనేవాడు. శుక్రవారం మధ్యాహ్నం, సముద్రపు తేమకి కిటికీ అద్దాలు మసకబారి క్యాంపంతా కునికే వేళ, వార్తలు చదివేది నేను. ఎరువు తెచ్చుకున్న టై కట్టుకుని (కింద లుంగీయే, కెమెరాకి కనబడదుగా) దేశమంతా నన్నే చూస్తున్నట్టు కలలో తేలిపోయేవాణ్ణి.

ఆ కలలోనే ఒక శుక్రవారం, మా బస్సు నడిపే డ్రైవరన్న సోమవారం సెలవు మీద ఊరెళ్తున్నాడని చదివేశాను. గల్ఫ్‌లో సెలవు తేదీని ఎవరైనా దాచుకుంటారు. తెలిసిందా, అందరూ ఇళ్లకి పంపే పొట్లాలన్నీ వెళ్లేవాడి పెట్టెలోకే, కాదంటే మొహమాటం. నేను టై విప్పేలోగా ఆయన మంచం మీద పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, అత్తరు సీసాలు పేరుకుపోయాయి.

"నీ నోట్ల మన్నువడ! మూడేండ్లకు పోతున్న. బిడ్డకు కుట్టుమిషన్ కొన్న. ఇగ దాన్ని నెత్తిమీద వెట్టుకపోవాల్నా?" అన్నాడు డ్రైవరన్న. తిట్టినందుకు కాదు, చివర్లో ఆయన గొంతు సన్నబడినందుకు నాకు ఏడుపొచ్చింది.

"సెలవు క్యాన్సిల్ అయిందని చదివేస్తాను మావయ్యా" అన్నాను. "మన ఛానల్లో అబద్ధమా? ఉన్నదే చూపించు" అన్నాడాయన. సాయంత్రం కెమెరా ముందు కుట్టుమిషన్ పెట్టి, పక్కన డ్రైవరన్నని కూర్చోబెట్టాం. "తప్పు నాది" అని చెప్పి, మిషన్ సర్దడానికి లేచి, నా లుంగీని క్యాంపంతటికీ దర్శనం చేయించాను. డ్రైవరన్న మిషన్ చక్రాన్ని మెల్లగా తిప్పి, "నా బిడ్డ కుట్టుడు నేర్చుకున్నది" అన్నాడు. అంతే. భోజనాల వేళకి ఒక్కొక్కరే వచ్చి పొట్లాలు తీసుకెళ్లారు. ఊరికే తీసుకెళ్లారా, తలా ఒక దారపు రీలు పెట్టిపోయారు. ఈసారి ఆ రీళ్లతో పెట్టె మూత పడలేదు.

ఆ ఛానల్ ఎప్పుడో ఆగిపోయింది. మొన్న నేను సెలవుకి వెళ్తూ తేదీని నేనే గ్రూపులో పెట్టాను, రెండుసార్లు. అందరూ బొటనవేలు బొమ్మ పెట్టారు గానీ పొట్లం ఒక్కటీ రాలేదు. ఇప్పుడన్నీ కార్గోలో వెళ్తాయి కదా. పెట్టెలో మిగిలిన చోటు చూసి నాలో నేనే నవ్వుకున్నాను. ఆ లుంగీ కుర్రాడు వచ్చి నా ప్రయాణం సంగతి ఒక్కసారి టీవీలో చదివేస్తే ఎంత బాగుండేదో!